రాతి దుమ్ము అని నేనన్న మాట

మీరడిగారు కాబట్టి

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు రాసిస్తే మా బ్యాచ్ అంతా చదువుకుంటాం" అన్నారు. వద్దు నాయనా అన్నాను. మెడ వంగదు. కుడికన్ను మసక. ముప్పై ఏళ్లు మైక్రోస్కోపులోకి చూసీ చూసీ ఇప్పుడు పేపరు తెరవాలన్నా విసుగే. వాళ్లు వదిలితేనా! సరే, రాస్తాను. అయితే మీరు ఆశపడేవి ఇందులో ఉండవు. ఏ సంవత్సరం ఏ మిషన్ వచ్చింది, ఎవరు నాకు శాలువా కప్పారు, ఇవన్నీ రాసే ఓపిక నాకు లేదు. చదవాల్సిన అగత్యం మీకూ లేదు.

ఒక్క సంగతే రాస్తాను. నంద్యాలలో పనిచేసే రోజుల్లో నేను నోరు జారి ఒక మాట అన్నాను. ఆ మాట నమ్మి ఆళ్లగడ్డలో ఒక శిల్పి, కూతురి కిడ్నీలు తన చేతులతో తానే పాడుచేశానని అనుకున్నాడు. ఉలి పారేశాడు. నేనన్నది తప్పని నాకు తెలిసేసరికి ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. తెలిశాక పోయి చెప్పడానికి ఇంకో రెండు నెలలు తాత్సారం చేశాను. అది మరీ సిగ్గుచేటు.

పని అంటే ఏమిటి

ఈ పని గొప్పదని మీకు కాలేజీలో చెబుతారు. గొప్పదేమీ కాదు. పొద్దున్నే ఏడింటికి పరగడుపున వచ్చినవాళ్లు బెంచీల మీద వరసగా కూర్చుని ఉంటారు. రక్తం తీయాలి, సీసాల మీద పేర్లు అతికించాలి. మా రోజుల్లో మూత్రంలో ఆల్బుమిన్ చూడాలంటే పరీక్షనాళికలో పోసి స్పిరిటు దీపం మీద కాచేవాళ్లం. ఆ వాసన చొక్కాకు పట్టేది. ఇంటికి పోతే నా భార్య, "ముందు స్నానం చెయ్యి, తర్వాతే పిల్లల్ని ముట్టుకో" అనేది. మధ్యాహ్నం దాకా ఇదే తంతు. ఆ తర్వాత రిపోర్టులు రాయడం, రాసింది మళ్లీ సరిచూడటం.

మా ల్యాబు యజమాని సుబ్బరామయ్య గారని పాతకాలపు పాథాలజీ డాక్టరు. మనిషి పిసినారి, మాట కరుకు. ఆయన నాకు పెట్టిన నియమం ఒకటే. "చూసింది కాగితం మీద రాయి. అనుకున్నది నోటితో చెప్పొద్దు. అది పంపించిన డాక్టరు పని." నాకది చిన్నతనంగా ఉండేది. నేనేం తక్కువ తిన్నానా అనుకునేవాణ్ణి. ఎన్ని వేల స్లైడ్లు చూశాను, నాకు తెలీదా!

పైగా కౌంటరు దగ్గర జనం ఊరుకోరు. మీరు కూడా చూస్తారు. గోస్పాడు నుంచో సంజామల నుంచో పొద్దున బస్సెక్కి వచ్చినవాడికి కాగితం చేతిలో పెడితే అందులో ఏముందో వాడికి తెలియదు. డాక్టరు సాయంత్రం గానీ రాడు. ఊరికి పోయే బస్సు అంతకంటే ముందే ఉంటుంది. "ఏముందప్పా ఇందులో? ఒక్క ముక్క చెప్పప్పా" అని అడుగుతాడు. అట్లా అడిగినప్పుడు మనం సగం డాక్టర్లమైపోతాం. మా ఊళ్లలో టెక్నీషియన్లందరం అట్లాగే బతికాం. చెప్పకపోతే టెక్కు అంటారు, చెబితే దండం పెడతారు. దండానికి నేను పడిపోయాను.

శారద చెయ్యి

వారంలో రెండు రోజులు, సోమవారం గురువారం, ఐస్ డబ్బా పట్టుకుని బస్సులో ఆళ్లగడ్డకు పోయేవాణ్ణి. అక్కడ మందుల షాపు వెనక ఒక గది. రక్తం, మూత్రం తీసుకుని, అక్కడ చూడగలిగింది చూసి, మిగతావి నంద్యాలకు తెచ్చేవాణ్ణి. తొంభై అయిదో తొంభై ఆరో, ఆ గదికి ఒక శిల్పి భార్యనూ చిన్న కూతురునూ వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు నాగలింగాచారి. ముప్పై, ముప్పై రెండేళ్లుంటాయి. జుట్టు మీద, కనురెప్పల మీద, చెవుల మడతల్లో తెల్లగా రాతిపొడి. భార్య ఈశ్వరమ్మ, అతని సొంత అక్క కూతురే. పాప పేరు శారద, ఏడేళ్లు. దానికి పైన భార్గవి అని ఇంకో ఆడపిల్ల ఉంది, ఆ రోజు రాలేదు.

"బిందెడు నీళ్లు తాగుతాది సార్," అంది ఈశ్వరమ్మ. "ఇంత వయసొచ్చినా పక్క తడుపుతాది. బడిలో పిల్లోళ్లు నవ్వుతాన్నారని పోనంటాది. రెండుమాట్లు ఫిట్సు గూడా వచ్చినాయి."

నేను పాప చేతికి రబ్బరు పట్టీ కట్టాను. నరం దొరకలేదు. బక్కపిల్ల, ఎంత తట్టినా పైకి తేలదు. పట్టీ విప్పకుండా వెతుకుతూనే ఉన్నాను. ఇంతలో పాప చెయ్యి మణికట్టు దగ్గర వంగి, వేళ్లు చాచుకుని ఒకదానికొకటి దగ్గరై, బొటనవేలు అరచేతిలోకి దూరింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"చెయ్యి వదులు పాపా! ఎందుకట్ల బిగబడతాండావ్?"

"నేను బిగబట్టల్యా సార్. అదే బిగుసుకుంటాంది."

"ఎదురు మాట్లాడొద్దు. సూదికి భయపడితే ఎట్లా?"

వాళ్లమ్మ వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని విప్పదీసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆ పిల్ల రక్తం ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు. చాలాసార్లు చెయ్యి అట్లాగే అయ్యేది. ప్రతిసారీ నేను కసిరేవాణ్ణి. ఏడేళ్ల పిల్ల, "నేను కాదు, అదే" అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రిపోర్టులో రాయాల్సిన మాట అది. నేను దాన్ని మొండితనం కింద జమకట్టాను.

ఆ రోజు మూత్రం స్లైడు మీద వేసి చూస్తే స్ఫటికాలు నిండా ఉన్నాయి. అంత చిన్నపిల్ల మూత్రంలో అన్ని చూడటం అదే మొదలు. మెరుస్తున్నాయి. చూడ్డానికి బాగుంటాయి కూడా, అదో పాడు సంగతి. అప్పటికే నంద్యాలలో స్కానింగ్ తీయించారు. రెండు కిడ్నీలలోనూ సున్నం పేరుకుందని కాగితంలో ఉంది. నాగలింగాచారి నా భుజం దగ్గర నిలబడి, "ఏముందన్నా? ఒక్క ముక్క చెప్పు" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. ఎదురుగా మనిషి నిండా రాతిపొడి. ఇంకేం కావాలి నాకు! మహా తెలివైనవాడిలా అన్నాను: "రాళ్ల పొడి అప్పా ఇది. ఇంటి ముందరే ఉలి పని చేస్తావు కదా? ఆ దుమ్మంతా పాప పీలుస్తాంది, తాగే నీళ్లలో పడతాంది. లోపలికి పోయి కిడ్నీలో కూర్చుంటే రాయి గాక ఏమయితాది మరి?"

అతను తన చేతులు ఒకసారి చూసుకుని, గది బయటికి పోయి పంచె దులుపుకున్నాడు. నేను తర్వాతి మనిషిని పిలిచాను. అంతే, రెండు నిమిషాల పని. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషంగా ఇంటికొచ్చాను.

బస్టాండు దగ్గర

మూడేళ్లకో ఏమో, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర పత్తి బోరాలు లారీకి ఎత్తుతున్న హమాలీల్లో నాగలింగాచారి కనబడ్డాడు. మొదట గుర్తుపట్టలేదు. జుట్టు నల్లగా ఉంది. అతనే వచ్చి పలకరించాడు.

"ఏమన్నా, బాగుండావా?"

"నువ్వేందప్పా ఈడ?"

"ఆ పని మానుకున్న్యా. నువ్వు చెప్పినావు కదన్నా. ఉలులు, సుత్తులు మా పెదనాయన కొడుకులకు ఇచ్చేస్తి. ఇంటి ముందర ఉన్న రాళ్లు గూడా తోలిచ్చేస్తి. మంచిమాట చెప్పినావు, లేకుంటే ఇంకా ఎంత దుమ్ము పోయేదో బిడ్డ లోపలికి."

నాకు తల కొట్టేసినట్టయింది. పాప ఎట్లా ఉందని అడిగాను.

"అట్లనే ఉంది. దేవుడు చూస్తాడు లే."

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. అదేదో ఊరికే అన్నానప్పా, నాకు సరిగ్గా తెలియదు అని. ఎందుకంటే అప్పటికే నా మనసులో అనుమానం ఉంది. ఆళ్లగడ్డలో ఎన్ని వాకిళ్లలో ఉలి మోగుతుంది! ఆ ఇళ్ల పిల్లలందరి మూత్రం చూసింది నేనే కదా. ఒక్కరికీ ఇట్లా లేదు. దుమ్ము వల్లే అయితే వీధి వీధంతా కిడ్నీలు రాళ్లయిపోవాలి. ఇంత చిన్న ఆలోచనకు డాక్టరు చదువు అక్కర్లేదు. కానీ నన్ను మంచివాడన్న మనిషి ముందు తప్పు ఒప్పుకోవాలంటే నోరు పెగల్లేదు. నీళ్లు నమిలి, బస్సు వచ్చిందని ఎక్కేశాను.

పిల్లలూ, మొదటి తప్పు తెలియక చేశాను. అది ఎవరైనా చేస్తారు. బస్సెక్కడం మాత్రం తెలిసి చేశాను.

కొత్త డాక్టరమ్మ

రెండు వేల మూడు ప్రాంతంలో మా ల్యాబు ఉన్న వీధిలోనే హసీనా గారని పిల్లల డాక్టరు కొత్తగా ప్రాక్టీసు పెట్టింది. నంద్యాల పిల్లే. వాళ్ల నాన్న టోపీలు, అత్తర్లు అమ్మే చిన్న దుకాణం నడిపేవాడు. ముప్పై నిండని పిల్ల, మైక్రోస్కోపు దగ్గరికి తానే వచ్చి, "జరగండి సార్, నేనూ చూస్తాను" అనేది. సుబ్బరామయ్య గారు గొణిగేవారు గానీ ఏమీ అనలేకపోయేవారు.

ఈశ్వరమ్మ శారదను ఆమె దగ్గరికి తీసుకొచ్చింది. అప్పటికి పాపకు పదిహేనేళ్లు, చూస్తే పదకొండేళ్ల పిల్లలా ఉండేది. కాళ్లూ చేతులూ కొంకర్లు పోతున్నాయని ఊళ్లో వైద్యం చేసే ఒకాయన ఏళ్ల తరబడి కాల్షియం సూదులు, విటమిన్ డి మాత్రలు ఇస్తూ వచ్చాడు. డాక్టరమ్మ అవి చూసి తల పట్టుకుంది. కిడ్నీలో సున్నం నిండిన పిల్లకు పైనుంచి ఇంకా సున్నం పోస్తున్నారన్న మాట. తర్వాత ఆమె ల్యాబుకు వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగింది. నా ఉద్యోగంలో అంతకుముందు ఏ డాక్టరూ నన్ను అడగని ప్రశ్న.

"సార్, ఈ పాపకు ఇన్నేళ్లుగా రక్తం తీస్తున్నది మీరే కదా. తీసేటప్పుడు ఏమైనా చూశారా?"

చెయ్యి సంగతి చెప్పాను. మొండిపిల్ల అని కూడా అన్నాను. ఆమె నన్ను తన గదికి రమ్మని, పాప దండచేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి అట్లాగే ఉంచింది. రెండు మూడు నిమిషాల్లో ఆ చెయ్యి మెల్లగా వంగింది. అవే వేళ్లు, అదే బొటనవేలు.

"ఇదేనా మీరు చూసింది?"

"ఇదేనమ్మా."

"ఎన్నిసార్లు?"

"లెక్క లేదమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. రక్తంలో కాల్షియం గానీ మెగ్నీషియం గానీ తగ్గితే కండరాలు అట్లా పట్టేస్తాయట, పుస్తకాల్లో ఉన్న గుర్తేనట. శారద కాల్షియం ఎప్పుడు చూసినా ఇంచుమించు సరిగ్గానే ఉండేది. మెగ్నీషియం మేమెప్పుడూ చూడలేదు. దాని రసాయనం తెప్పిస్తే ఏ డాక్టరూ ఆ పరీక్ష రాయక పాడైపోతుందని సుబ్బరామయ్య గారు తెప్పించేవారు కాదు. రక్తం హైదరాబాదుకు పంపించాం. మెగ్నీషియం అడుగంటి ఉంది. మూత్రంలో చూస్తే మెగ్నీషియం, కాల్షియం రెండూ ధారగా పోతున్నాయి.

సందులో ఉండేది

మా ల్యాబులో నేల మీద నంద్యాల బండలు పరిచి ఉండేవి. డాక్టరమ్మ ఆ బండల మీద చెప్పుకొనతో గీస్తూ నాకు చెప్పింది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మీకు చెబుతాను. మీ పుస్తకాల్లో ఇంతకంటే బాగానే ఉంటుంది, చదవండి.

కిడ్నీలో లక్షల కొద్దీ సన్నని గొట్టాలుంటాయి. రక్తంలోంచి నీళ్లూ ఉప్పులూ ముందు ఆ గొట్టాల్లోకి దిగుతాయి. ఒంటికి కావలసినవి మళ్లీ గొట్టం గోడ దాటి రక్తంలోకి వచ్చేయాలి. మిగిలింది మూత్రం. ఆ గోడ బండలు పరిచినట్టు కణాలు పక్కపక్కన పేర్చిన గోడ. కొన్ని సరుకులు కణం లోపలి నుంచే దాటతాయి. కొన్ని కణానికీ కణానికీ మధ్య సందులోంచి దాటతాయి.

"సందును మూసే ప్రోటీన్లుంటాయి సార్," అంది. "మన బండల మధ్య సిమెంటు పూసినట్టు. వాటిలో ఒక కుటుంబం పేరు క్లాడిన్లు. ఇరవైకి పైనే రకాలున్నాయి. కానీ సిమెంటుకూ వీటికీ తేడా ఉంది. సిమెంటు అన్నింటినీ ఆపుతుంది. ఇవి మనుషుల్ని చూసి తలుపు తీసినట్టు, దీన్ని పోనిస్తాయి, దాన్ని ఆపుతాయి. గొట్టంలో ఒక్కోచోట ఒక్కోరకం క్లాడిన్ ఉంటుంది, అక్కడ గోడ గుణం దాన్నిబట్టే."

"అయితే శారదకు ఆ సందు లీకయిందా అమ్మా?"

"అందరూ అట్లాగే అనుకుంటారు. తిరగబడి ఉంది సంగతి. గొట్టం మధ్యలో ఒకచోట మెగ్నీషియం, కాల్షియం ఆ సందులోంచే వెనక్కి రక్తంలోకి రావాలి. అక్కడుండే క్లాడిన్ ఈ పిల్లలో తప్పుగా తయారయింది. దారి ఇవ్వడం లేదు. వెనక్కి రాలేక రెండూ మూత్రంలో కొట్టుకుపోతున్నాయి. పోయే దారిలో కాల్షియం కిడ్నీలోనే పేరుకుంటోంది. ఈ ప్రోటీన్ సంగతి బయటపడి ఎన్నో ఏళ్లు కాలేదు. జన్యువు పరీక్ష మనకు ఇక్కడ అందదు. కానీ లక్షణాలన్నీ అదే చెబుతున్నాయి. హైదరాబాదులో కిడ్నీ డాక్టరుతో మాట్లాడాను, ఆయనా అదే అన్నాడు."

"అయితే రాతి దుమ్ము వల్ల కాదా?"

ఆమె గట్టిగా నవ్వింది. "దుమ్ముకూ దీనికీ ఏం సంబంధం సార్? దుమ్ము పడితే ఊపిరితిత్తులు పాడవుతాయి గానీ ఇదెట్లా వస్తుంది! ఎవరన్నారు ఆ పిచ్చిమాట?"

"ఊళ్లో అనుకుంటున్నారమ్మా" అన్నాను. చూశారా, అప్పుడు కూడా!

ఆమె ఇంకో మాట చెప్పింది. ఈ లోపం అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే జబ్బు వస్తుంది. ఒక్కటే ఉన్నవాళ్లు బాగానే తిరుగుతుంటారు, వాళ్లకు తెలియను కూడా తెలియదు. ఒకే రక్తంలో పెళ్లిళ్లు చేసుకుంటే రెండూ కలిసే అవకాశం ఎక్కువ. "నేనేదో నీతులు చెబుతున్నానని అనుకోకండి. మా అమ్మా నాన్నా కూడా అన్నదమ్ముల పిల్లలే" అంది. నేను చేసుకున్నది మా మేనమామ కూతుర్ని.

"వాళ్ల నాన్న ఒక్కసారీ రాడేం సార్?" అని అడిగింది. "ఆయప్పకు సిగ్గు మేడం అంటుంది ఈశ్వరమ్మ. నేను చెబితే ఆమె తలూపి వెళ్లిపోతుంది. మీరు ఆళ్లగడ్డకు పోతుంటారు కదా, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పండి. పెద్దపాపను ఆమె తమ్ముడికే ఇచ్చి చేస్తున్నారట. అది కూడా ఆలోచించుకోమనండి."

సిగ్గు ఎందుకో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

ఆదివారం

రెండు నెలలు ఏదో ఒక వంకతో గడిపాను. ఈ వారం జనం ఎక్కువ, వచ్చే వారం ఒళ్లు బాగాలేదు. చివరికి భార్గవికి ముహూర్తం పెట్టుకుంటున్నారని మందుల షాపాయన చెబితే ఇక తప్పలేదు. ఆదివారం ఐస్ డబ్బా లేకుండా వట్టి చేతులతో ఆళ్లగడ్డకు పోయాను. వీధంతా ఉలి చప్పుడే. వాళ్ల వాకిలి మాత్రం పేడనీళ్లతో అలికి, ఒక్క రాతి ముక్క లేకుండా ఉంది.

నాగలింగాచారి లోపల్నుంచి వచ్చి చాప వేశాడు. ఈశ్వరమ్మ గడపలో కూర్చుంది. నేను ముందుమాటలేమీ లేకుండా అనేశాను.

"అప్పా, పాపకు దుమ్ము వల్ల రాలేదు. ఆ పొద్దు నేను చెప్పింది తప్పు. తెలియకుండా చెప్పినాను. నీ ఉలికీ పాప కిడ్నీకీ ఏ సంబంధమూ లేదు."

అతను "మరి యాడినుంచి వచ్చినట్ల?" అన్నాడు.

బండలు, సందులు, దారి ఇవ్వని ప్రోటీను, అన్నీ చెప్పాను. రాతి పని తెలిసినవాడు కదా, నాకంటే త్వరగా పట్టుకున్నాడు. "సందులో పూసిందాన్ని బట్టే నీళ్లు పోయేది, నిలిచేది. అర్థమైంది లే" అన్నాడు. "ఆ పూత ఎందుకు చెడింది?"

ఇక్కడికి వస్తుందని తెలుసు. వచ్చేసింది. చెప్పాను. అతనిలో ఒకటి, ఆమెలో ఒకటి. ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు కాబట్టి రెండూ పాపలో కలిశాయి. ఎవరి తప్పూ కాదు, ఎవరికీ తెలిసే దారి లేదు. భార్గవికి జబ్బు లేకపోయినా లోపం ఒకటి ఉండొచ్చు, ఆమె మేనమామలోనూ ఉండొచ్చు.

నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే నాగలింగాచారి చెయ్యి అడ్డం పెట్టాడు. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది.

"ఎనిమిదేండ్లు ఈ తప్పు నా ఒక్కనిదే అనుకుంటి అన్నా. నేనొక్కణ్ణే మోస్తాండా లే అనుకుంటి. ఇప్పుడు ఈమెను గూడా కలిపి పెట్టినావే."

ఈశ్వరమ్మ గడపలోంచి లేచి వచ్చింది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"పెట్టనీ! నా బిడ్డ జబ్బులో నా పాలు గూడా ఉంటే ఉండనీ. ఎనిమిదేండ్లు నువ్వు కుమిలిపోతాంటే నేను చూడల్యా? నాతో గూడా పంచుకోకపోతివి." తర్వాత నా వైపు తిరిగింది. "సార్, భార్గవిని నా తమ్ముడికి ఇయ్యను. వాణ్ణి నేనే పిలిపిచ్చి చెప్తా. మీరు పోండి."

పోయాను. మంచినీళ్లు తాగమని కూడా ఎవరూ అనలేదు, అనాలని నేను ఎదురుచూడనూ లేదు.

తర్వాత

పెళ్లి ఆగిపోయింది. ఈశ్వరమ్మ తమ్ముడు మందుల షాపు దగ్గర నా చొక్కా పట్టుకుని, "ఉచ్చ సీసాలు మోసేటోడివి, మా ఇంట్లో పెండ్లి ఆపేదానికి నువ్వెవడప్పా?" అని నలుగురిలో అడిగాడు. ఆ కుటుంబాల మధ్య మాటలు తెగిపోయాయి. ఎన్నేళ్లకు కలిశారో, అసలు కలిశారో లేదో నాకు తెలియదు.

డాక్టరమ్మ సూదులు, పాత మాత్రలు ఆపించి మెగ్నీషియం మొదలుపెట్టింది. కొంకర్లు తగ్గిపోయాయి. కానీ కిడ్నీలు అప్పటికే సగానికి పైగా దెబ్బతిన్నాయి. కిడ్నీల పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ నెలనెలా చూసేవాళ్లం, నెలనెలా కొంచెం పెరిగేది. ఈ జబ్బుకు కిడ్నీ మార్చడం ఒక్కటే దారి, ముందే తెలిసినా పూర్తిగా ఆపలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ నాతో అంది. నన్ను ఊరడించడానికి అందేమో. కొన్నేళ్లు కలిసొచ్చేవి కదా అని నేనడగలేదు.

నాగలింగాచారి మళ్లీ ఉలి పట్టాడని విన్నాను. విగ్రహాలు కాదు, రోళ్లు చేస్తున్నాడట. అమ్మవారి ముక్కూ కళ్లూ తీర్చే చెయ్యి ఎనిమిదేళ్లు బోరాలు మోశాక మునుపటిలా తిరగడం లేదని వాళ్ల పెదనాయన కొడుకు చెప్పాడు.

ఒకరోజు నంద్యాల ల్యాబుకు శారదతో అతనే వచ్చాడు. ఆ మొదటిరోజు తర్వాత అతను పాప వెంట రావడం అదే. లోపలికి రమ్మంటే రాలేదు, బయట బెంచీ మీద కూర్చున్నాడు. జుట్టులో మళ్లీ తెల్లటి పొడి. నేను శారద చేతికి రబ్బరు పట్టీ కట్టాను. చెయ్యి కదలకుండా ఉంది. నరం ఈసారి తొందరగానే దొరికింది. రక్తం తీసి దూది అదిమిపెట్టి, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "మీ నాయన తోడొచ్చినాడే ఈ పొద్దు" అన్నాను.

"ఔ సార్. బస్సులో గూడా నా పక్కనే కూచున్న్యాడు." బయటికి వినబడకుండా మెల్లగా అంది. "దుమ్ము మాట మీరే చెప్పినారంట కదా. మా అమ్మ చెప్పింది."

"ఔనమ్మా. నేనే."

"ఆ పొద్దు నుంచి మా నాయన నన్ను ఎత్తుకోల్యా సార్. ఒక్కసారి గూడా. పని మానినాక గూడా, ముట్టుకుంటే తన ఒంట్లో ఇంకిన దుమ్ము నాకు అంటుకుంటాదని. నామీద కోపమేమో అనుకుంటి ఇన్నేండ్లు." దూది మీద వేలు సర్దుకుంది. "ఇప్పుడు ఎత్తుకో అని అడుగుదామంటే, నేను పెద్దదాన్నయిపోతి."